తాళం మార్చి, తాళంచెవి తప్పంటే ఎలా?

పాత ట్యాబు ఒకటి ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంటోంది. తెర పగలలేదు. బ్యాటరీ గంటో రెండు గంటలో నిలుస్తుంది. కానీ ఖాతాలోకి ప్రవేశించబోతే "వాడుకరి పేరు గానీ సంకేతపదం గానీ సరికాదు" అంటుంది. మళ్ళీ కొడతాం. మళ్ళీ అదే మాట. మూడోసారికి మన మీద మనకే అనుమానం మొదలవుతుంది.

ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ ఒక్క వాక్యం గురించే. సంకేతపదం సరైనదే అయినా సరికాదని చెప్పే యంత్రం అబద్ధమాడుతోంది. ఆ అబద్ధం వల్ల నష్టపోయేవారు ఎక్కువగా వృద్ధులు, పల్లెవారు, కొత్తది కొనే స్తోమత లేనివారు. ఆ అబద్ధాన్ని ఎలా కనిపెట్టాలో, పాత ట్యాబును లోపలికి ఎలా పంపాలో, పంపలేనప్పుడు దేనిని కాపాడుకోవాలో కూడా నాకు తెలిసినంతలో రాస్తాను. సాంకేతిక విషయం కదా అని సాహిత్య మిత్రులు పక్కకు తప్పుకోవద్దని మనవి. మన రాతలన్నీ ఏదో ఒక ఖాతా తలుపు వెనకే ఉన్నాయి.

మా కల్వకుర్తి పేరు రాష్ట్రమంతా మోగింది 1989 ఎన్నికల్లో. అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు హిందూపురంలో గెలిచి, ఇక్కడ ఓడిపోయారు. అంతటి వారికి కూడా ఈ ఊరు తలుపు తియ్యలేదు. అయితే ఓట్లు లెక్కపెట్టి, అంకెలు చూపించి మరీ ఆ మాట చెప్పింది. "మీ పేరు సరికాదు" అని చెప్పి పంపలేదు. తలుపు మూసే హక్కు ఎవరికైనా ఉండవచ్చు, కారణం నిజాయితీగా చెప్పే బాధ్యత దాంతోపాటే ఉంటుంది. నా వాదనంతా ఇంతే.

ఇప్పుడు వాస్తవాలు చూద్దాం. ఆండ్రాయిడ్ 2.3.7, అంతకన్నా పాత రూపాలు ఉన్న పరికరాల్లో ఖాతా ప్రవేశాన్ని గూగుల్ 2021 సెప్టెంబరు 27 నుండి ఆపివేసింది. ముందుగా ప్రకటించింది, భద్రత కోసమని కారణమూ చెప్పింది. ఆ మేరకు మెచ్చుకోవాలి. అయితే ఆ ప్రకటనలోనే ఇంకో మాట ఉంది. ఆ తేదీ తరువాత ప్రవేశించబోతే వాడుకరి పేరు లేదా సంకేతపదం పొరపాటు అనే సందేశం కనబడవచ్చునట! అంటే తప్పు మనది కాదని వాళ్ళకు ముందే తెలుసు. అయినా తెర మీద మాత్రం నేరం మనదే. ఆ ప్రకటన చదివినవారెందరు? తెర మీది వాక్యం చదివినవారెందరు?

దీనికి మన ఇంటి ఉదాహరణ ఆకాశ్ ట్యాబు. విద్యార్థులకు అతి చవకగా అందిస్తామంటూ కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరు 5న దానిని విడుదల చేసింది. ఆ తొలి ట్యాబుల కూర్పు జరిగింది మన హైదరాబాదులోనే. అందులో ఉన్నది ఆండ్రాయిడ్ 2.2. దాని వేగం, తెర ఎలా ఉండేవన్న చర్చ అప్పట్లోనే బోలెడు జరిగింది. ఇప్పుడు నేను అడిగేది వేరు. ఎవరైనా ఆ ట్యాబును భద్రంగా దాచుకున్నా, 2021 సెప్టెంబరు 27న, అంటే పదేళ్ళు నిండటానికి ఇంకా 8 రోజులు ఉండగా, దాని ముందు ఆ తలుపు మూసుకుపోయింది. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్ 2లో ఆండ్రాయిడ్ 4.0 ఉండేది. ఆ రూపానికి గూగుల్ ప్లే సేవల తాజాకరణ ఆపివేస్తున్నట్టు 2018 డిసెంబరులో ప్రకటించారు. తరువాత 2021లో 4.1 నుండి 4.3 వరకు, 2023లో 4.4కు అదే గతి పట్టింది. వాట్సాప్ 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 5.0 కన్నా పాతవాటిని వదిలేసింది. మెట్లు ఒక్కొక్కటిగా విరుగుతూ పైకి వస్తున్నాయన్నమాట.

మా వీధిలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు ఉన్నారు. ఊరంతా ఆయనను సారు అనే పిలుస్తుంది. మోటబావుల కాలపు మాటలు, అంటే బొక్కెన, తొండం, గిరక వంటివి, కూలికి వలసపోయినవారి నోటి సామెతలు ఎన్నో ఏళ్ళుగా ఒక ట్యాబులో రాసుకుంటూ వచ్చారు. కొడుకు కొనిచ్చిన ట్యాబు అది. ఏ సంస్థదన్నది ఇక్కడ అనవసరం. ఒకరోజు అది ఖాతా నుండి తనంతట తాను బయటకు వచ్చేసింది. సంకేతపదం అడిగింది. కొట్టారు. సరికాదంది. వారం రోజులు కొట్టారు. చివరకు నా దగ్గరకు వచ్చినప్పుడు ఆయన అడిగింది ట్యాబు గురించి కాదు.

"యాది లేకుంట పోతున్నదేమోనయ్యా. డెబ్బై ఏండ్లు దాటినయి గద. మా నాయినకు గూడ ఆఖరికి గిట్లనే అయింది" అన్నారు.

ఆయన తండ్రి చివరి రోజుల్లో ఇంట్లోవాళ్ళ పేర్లు మరిచిపోయారట. నాకు మాట రాలేదు. ఒక యంత్రం తన ముసలితనాన్ని దాచుకోవడానికి ఒక మనిషి ముసలితనాన్ని సాక్ష్యంగా వాడుకుంది! మనవడి ఫోను తెప్పించి, సారు చేతనే అదే సంకేతపదం కొట్టించాను. మొదటిసారికే లోపలికి వెళ్ళింది. ఒక్క అక్షరం తేడా లేదు. "సూడు తాతా, నీకు మంచిగనే యాదున్నది" అన్నాడు మనవడు. సారు ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ ట్యాబు మాత్రం తరువాత కూడా లోపలికి పోలేదు. మాటలన్నీ ఖాతాలో భద్రంగానే ఉన్నాయి గనుక వాటిని బయటకు దింపి రెండు చోట్ల దాచాం.

అందుచేత మొట్టమొదటి సూత్రం ఇది: పాత ట్యాబు సంకేతపదం తప్పంటే, దాన్ని నమ్మే ముందు కొత్త ఫోనులో గానీ కంప్యూటరులో గానీ అదే సంకేతపదంతో ఒకసారి ప్రయత్నించండి. అక్కడ తలుపు తెరుచుకుంటే తప్పు ట్యాబుదే. సంకేతపదం మార్చనక్కరలేదు, వైద్యుడి దగ్గరకు అసలే పోనక్కరలేదు.

ఇక లోపల జరిగేదేమిటో క్లుప్తంగా చెబుతాను. ఖాతా తలుపు దగ్గర నలుగురు కాపలాదారులు ఉంటారనుకోండి.

మొదటివాడు కాలం చూస్తాడు. చాలా రోజులు ఛార్జింగు లేక పడి ఉన్న ట్యాబులో తేదీ ఒక్కోసారి 1970 జనవరి 1కో, తయారైన ఏడాదికో పోతుంది. అవతలి సైటు చూపించే ధ్రువపత్రానికి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. 1970లో కూర్చున్న ట్యాబుకు ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. కాబట్టి తేదీ, సమయం, కాలమండలం సరిచేయడం తొలి వైద్యం. ఖర్చు లేనిది, తరచుగా పనిచేసేది ఇదే. ట్యాబు కాకపోయినా ఒక ఉదాహరణ చెబుతాను. 2019 నవంబరు 3కు ముందే ఐఫోన్ 5ను ఐఓఎస్ 10.3.4కు మార్చుకోకపోతే తేదీ గతి తప్పి ఉత్తరాలు, ఐక్లౌడ్, అంతర్జాల విహారం పనిచేయవని ఆపిల్ హెచ్చరించింది. గడియారం ఒక్కటి తప్పితే ఇన్ని తప్పుతాయి.

రెండోవాడు పరిచయం చూస్తాడు. ఏ ధ్రువపత్రాన్ని నమ్మాలో చెప్పే పెద్దల జాబితా ఒకటి ప్రతి ట్యాబులోనూ తయారీనాడే రాసి ఉంటుంది. కాలక్రమంలో పాత పెద్దలు పోతారు, కొత్తవారు వస్తారు. తాజాకరణ రాని ట్యాబుకు కొత్తవారెవరో తెలియదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ లెక్కలేనన్ని సైట్లకు ఉచితంగా ధ్రువపత్రాలు ఇస్తుంది. దానికి పూచీగా నిలిచిన పాత మూలపత్రం గడువు 2021 సెప్టెంబరు 30న తీరింది. ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత పరికరాలకు దాని కొత్త మూలపత్రం తెలియదు. ఆ సంస్థ వాటి మీద జాలిపడి ఒక ఉపాయంతో మరో మూడేళ్ళు నెట్టుకొచ్చింది. 2024 సెప్టెంబరు 30తో ఆ ఉపాయం గడువూ తీరింది. ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 అనే ఆ మూలపత్రాన్ని ఆ సంస్థ సొంత సైటు నుండి వేరే కంప్యూటరులో దించుకుని, మెమరీ కార్డు ద్వారా ట్యాబు భద్రత అమరికల్లో ఎక్కించుకోవచ్చు. ఆండ్రాయిడ్ 6, అంతకన్నా పాతవాటిలో మనం ఎక్కించిన పత్రాన్ని యాప్‌లు కూడా సాధారణంగా నమ్ముతాయి. 7.0 నుండి ఆ పద్ధతి మారింది. అయితే ఒక హెచ్చరిక. దారిన పోయేవారు ఇచ్చిన మూలపత్రాన్ని ఎక్కించుకోవడం ఇంటి తాళాల గుత్తి అప్పగించడంతో సమానం. ఆ పని ఎన్నటికీ చేయవద్దు.

మూడోవాడు భాష చూస్తాడు. ట్యాబూ సైటూ రహస్యంగా మాట్లాడుకునే పద్ధతిని టీఎల్‌ఎస్ అంటారు. దాని 1.0, 1.1 రూపాలు బలహీనమని 2021 మార్చిలో అధికారికంగా పక్కన పెట్టారు. 1.2 రూపం ఆండ్రాయిడ్ 4.1 నుండీ లోపల ఉన్నా, 5.0 వచ్చేవరకు యాప్‌లకు దానంతట అది అమలులో ఉండేది కాదు. అందుకే ట్యాబుతో వచ్చిన విహరిణి చేతులెత్తేసిన చోట, ఆ ట్యాబుకు సరిపడే ఫైర్‌ఫాక్స్ ఏదైనా ఎక్కితే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి. అది తన భాషనూ పెద్దల జాబితానూ తన వెంటే తెచ్చుకుంటుంది.

నాలుగోవాడు రెండో సాక్ష్యం అడుగుతాడు. సంకేతపదంతోపాటు ఫోనుకు వచ్చే అంకెలు చెప్పమంటాడు. పాత ట్యాబుకు ఆ అంకెలు అడిగే గడి చూపించడం కూడా రాదు. అడగడం రాక, సంకేతపదమే తప్పంటుంది. పాత ఐప్యాడుల విషయంలో దీనికి ఆపిల్ చెప్పిన చిట్కా ఒకటి ఉంది: సంకేతపదం కొట్టి, దాని చివరనే ఖాళీ లేకుండా ఆ ఆరు అంకెలూ కలిపి కొట్టాలి. ఈ చిన్న సంగతి తెలియక మూలన పడిన ఐప్యాడులు ఎన్ని ఉన్నాయో! పాత ఉత్తరాల యాప్‌లలో జీమెయిలు రాకపోతే, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని ఆ యాప్ కోసమే విడిగా 16 అక్షరాల సంకేతపదం తీసుకోవాలి. మామూలు సంకేతపదంతో అలాంటి యాప్‌లు లోపలికి వెళ్ళే దారిని గూగుల్ 2022 మే 30 నుండి మూసివేసింది.

ఇప్పుడు చేయకూడని పని. ట్యాబు మొరాయించగానే, దుకాణానికి తీసుకువెళితే, మొత్తం చెరిపి మొదటి స్థితికి తెద్దామంటారు. ఒప్పుకోకండి. ఆండ్రాయిడ్ 5.1 నుండి, చెరిపిన తరువాత పాత ఖాతా వివరాలు ఇస్తే గానీ తెరుచుకోని రక్షణ వచ్చింది. ఐప్యాడులలో అటువంటి తాళం 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది. ప్రవేశమే కుదరని ట్యాబును చెరిపితే ఉన్న బొమ్మలూ పోతాయి, ట్యాబూ రాయి అవుతుంది. ముందు తీగ కలిపి, లోపల ఉన్న బొమ్మలు, మాటలు, రాతలు కంప్యూటరులోకి తెచ్చుకోండి. దానికి ఖాతా అక్కరలేదు.

ఇంకో మాట. పాత ట్యాబులో ఖాతా ఇంకా తెరిచే ఉంటే దానిలోంచి బయటకు రావద్దు. ఖాతా పోయినప్పుడు తిరిగి సంపాదించుకోవడానికి, ఎప్పటినుండో వాడుతున్న పరికరం నుండి, అలవాటైన చోటి నుండి ప్రయత్నించమని గూగులే సలహా ఇస్తుంది. అంటే మనం పనికిరాదనుకున్న పలక మన తరఫున నిలబడే సాక్షి. సాక్షిని పాత సామాన్ల వాడికి కిలోల లెక్కన అమ్ముకోవడం తెలివి కాదు.

దీనికి జవాబుగా మిత్రులు కొందరు అనబోయేది నేను ఊహించగలను. "పాత సాఫ్ట్‌వేరులో కన్నాలుంటాయి. దొంగలు దూరకుండా తలుపు మూస్తే తప్పేమిటి? ఉచితంగా ఎన్నాళ్ళు మోయాలి?" అని. ఈ వాదనలో న్యాయం ఉంది. బలహీనమైన భాషలో సంకేతపదం పంపితే నష్టపోయేది వాడుకరే. కొత్త లోపాలు వస్తే సవరించగలిగేది కూడా తాజాకరణ అందుకునే పరికరాల్లోనే. మనకు బాగా గుర్తుండే ఉదాహరణ మన "జ్ఞా". 2018 ఫిబ్రవరిలో ఆ ఒక్క తెలుగు అక్షరం కనబడితే చాలు ఐఫోనులు, ఐప్యాడులలో యాప్‌లు కూలిపోయేవి. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. జ్ఞానం బరువు మోయలేకపోయిందని మనం నవ్వుకున్నాం. కానీ సవరణ అందింది కాబట్టే నవ్వుకోగలిగాం.

కాబట్టి ఏ తలుపునూ ఎన్నడూ మూయవద్దని నేను అనడం లేదు. నేను అడిగేవి మూడు.

ఒకటి, నిజం చెప్పండి. "ఈ పరికరం పాతది, మీ సంకేతపదంలో తప్పు లేకపోవచ్చు, వేరే పరికరం నుండి ప్రయత్నించండి" అని చెప్పండి. తెలుగులో చెప్పండి. లోపలి కారణం సంస్థకు తెలిసి కూడా చెప్పకపోవడానికి నాకు ఏ సమర్థనా కనబడదు. పాత ట్యాబులో కొత్త వాక్యం పెట్టడం కుదరదంటారా? తలుపు మూయబోయే ముందు, ఇంకా తెరిచి ఉన్న నెలల్లోనే ఆ మాట ఆ తెర మీదకే పంపవచ్చు కదా!

రెండు, సామాను తీసుకుపోనివ్వండి. కొత్తగా రాయనివ్వకపోయినా, ఉన్నది చదువుకుని దించుకునే దారి కొంతకాలం ఉంచండి. అద్దె ఇల్లు ఖాళీ చేయించేవాడు కూడా చాపా చెంబూ బయట పెట్టుకోవడానికి గడువిస్తాడు.

మూడు, ఎంతకాలమో ముందే రాసివ్వండి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి ఫోన్లకూ ట్యాబులకూ కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఒక నమూనా అమ్మకం ముగిసిన నాటి నుండి కనీసం 5 ఏళ్ళు సాఫ్ట్‌వేరు తాజాకరణలు అందుబాటులో ఉండాలి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలు తెరిచింది. విడిభాగాలే కాక సాఫ్ట్‌వేరు కూడా మరమ్మతులో భాగమేనని అక్కడ మనం గట్టిగా అడగాలి. ఇది ప్రభుత్వాలకూ వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. వాటిలో పాఠాలు అందించిన బైజూస్ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. పంచినవారు ఏ పార్టీ అన్నది నాకు పట్టదు. ఏ ట్యాబు పంచినా, దాని తలుపు ఎన్నేళ్ళు తెరిచి ఉంటుందో, తరువాత పాఠాల సంగతేమిటో దాని పెట్టె మీదే అచ్చువేయమంటాను. విత్తనాల సంచి మీద కూడా గడువు తేదీ ఉంటుంది కదా.

సాటి బ్లాగరులకు ఒక విన్నపం. మనలో చాలామంది 2005, 2006 ప్రాంతాల్లో ఏదో ఒక ఈమెయిలుతో ఖాతా తెరిచి రాయడం మొదలుపెట్టినవాళ్ళం. లేఖినిలో కొట్టి, కూడలిలో చూసుకుని మురిసినవాళ్ళం. ఆ ఈమెయిలు ఇప్పుడు ఏ పరికరంలో తెరిచి ఉంది? దానికి జతపరచిన ఫోను నంబరు ఇంకా మీదేనా? రద్దయిన నంబరును 90 రోజుల తరువాత మరొకరికి కేటాయించవచ్చునని 2023లో సుప్రీం కోర్టు ముందు ట్రాయ్ తెలియజేసింది. మీ ఖాతా అంకెలు ఎవరో అపరిచితుడి ఫోనుకు పోతుండవచ్చు. రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలు చేస్తోంది. ఈ ఆదివారం ఒక గంట కేటాయించి, నంబరు సరిచూసుకోండి, అత్యవసర సంకేతాలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, రాతలన్నీ ఒకసారి దించుకోండి. ఇంట్లో పెద్దవారి ట్యాబు ఉంటే దాన్నీ చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరైనా పెద్దవారు "నాకు గుర్తుండటం లేదు" అని ట్యాబు పట్టుకుని వస్తే, ముందు ఆ మాటను నమ్మకండి. వేరే యంత్రంలో పరీక్షించండి. సంకేతపదం సరైనదని తేలితే ఆ సంగతి వారికి గట్టిగా, నలుగురి ముందూ చెప్పండి. ట్యాబు బాగుపడుతుందో లేదో గానీ, అది మోపిన నింద మాత్రం ఆ పూటే తొలగిపోతుంది.